అమ్మమ్మ పెట్టింది

దర్జీ కొట్టు వెనక గది. పైన రేకులు కాగుతున్న మధ్యాహ్నం. ఆ కొట్టులో కాజాలు కుట్టి బతికే పెద్దావిడ ఎదురుగా, మూడేళ్ళుగా ఆమె గుమ్మం తొక్కని కూతురు కూర్చుని ఉంది. ముందుగా మాట్లాడింది కూతురే.

“పాలు తాగానని చెప్పిందమ్మా. తాగలేదు.”

“ఎవరు, పిట్టేనా?”

“పిట్టే, నీ మనవరాలు. గుడ్డు మొత్తం తిన్నానంది. సగం వదిలేసింది. ఆపిల్ పండు తిన్నానంది. ఆ పండు పక్కన కూర్చున్న పిల్ల తింది.”

“పిట్ట బళ్ళో ఏం తిందో చెప్పడానికా, ఇన్నాళ్ళకి ఇంత ఎండలో వచ్చావు?”

“ముందు విను.”

“వింటున్నాను. చెవులు బాగానే ఉన్నాయి, కళ్ళే ఆనడం లేదు. ఇదిగో, ఈ సూదిలో దారం ఎక్కించు.”

“ఇలా ఇవ్వు. బడికి ఒక మేడమ్ వచ్చింది. పిల్లలు తిన్నది తిన్నట్టు చెప్పగలరా లేదా అని చూడ్డానికట. భోజనాల హాల్లో ఓ మూల కుర్చీ వేసుకుని, ఎవరేం తింటున్నారు, ఎవరేం వదిలేస్తున్నారు అన్నీ చూసింది. పిల్లలకి ఆ సంగతి తెలీదు. మర్నాడు ఒక్కొక్కళ్ళనే పిలిచి, నిన్న మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా అని అడిగింది.”

“ఇదో ఉద్యోగమా? జీతం కూడా ఇస్తారా?”

“ఇస్తారు.”

“నేను నీకు జీతం లేకుండానే చేశాను ఆ పని. కూరముక్కలన్నీ కిటికీలోంచి పారేసి, ఖాళీ కంచం చూపించి, తినేశానమ్మా అనేదానివి. వీధిలో కాకులన్నీ మన కిటికీ కిందే కాపురం.”

“అది అబద్ధం. ఇది కాదు. మేడమ్ అదే చెప్పింది, తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి. పిల్లలు అబద్ధం చెప్పడం లేదండీ, రోజూ తాగే పాలు ఆ రోజూ తాగామనే అనుకుంటారు, పక్కవాళ్ళ పళ్ళెంలో చూసింది తామే తిన్నామనుకుంటారు అంది. అన్నిటికన్నా మనం అడిగే తీరు ముఖ్యమట. పాలు తాగావా అంటే ఊ అంటారు. ఏం తాగావు అని అడగాలి. ఒకే మాట రెండుమూడుసార్లు అడిగితే, మనకి ఏ జవాబు కావాలో మన మొహంలో చూసుకుని అదే చెప్తారు. చెప్పి చెప్పి, చివరికి అదే జరిగిందని వాళ్ళకీ గుర్తుండిపోతుందట.”

“విని అందరూ ఏమన్నారు?”

“నవ్వారు. మావాడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మర్చిపోతాడు, మళ్ళీ పెట్టమంటాడు అని ఒకాయన అన్నాడు. ఇంకా నవ్వారు.”

“నువ్వో?”

“నేనూ నవ్వాను. బయటికొచ్చి మెట్లు దిగబోయాను. ఆ మెట్ల మీదే కూలబడ్డాను.”

“పొద్దున ఏమీ తినకుండా వెళ్ళుంటావు.”

“అమ్మా.”

“ఖాళీ కడుపుతో తిరిగితే కూలబడక ఏం చేస్తారు.”

“తప్పించుకోకు. నేనెందుకొచ్చానో నీకు తెలుసు.”

“నాకేం తెలుసు. దారం ఎక్కిందా? ఇలా ఇవ్వు.”

“ఆ రోజు ఆసుపత్రిలో పిట్టని నేనేం అడిగానో తెలుసా? ఏమైందమ్మా అని అడగలేదు. ఎవరు పెట్టారమ్మా అని కూడా అడగలేదు. భుజాలు పట్టి కుదిపేస్తూ, అమ్మమ్మ పెట్టిందా, అమ్మమ్మే కదా పెట్టింది అని అడిగాను. ఐదేళ్ళ పిల్ల. నా మొహం చూసి ఇంకేమంటుంది? ఊ అంది. అమ్మమ్మ పెట్టింది అంది.”

“వదిలెయ్ తల్లీ. అయిపోయిందేదో అయిపోయింది.”

“ఏం అయిపోయింది? చంటోడు పోయిన వారానికి నీ సంచి నేనే గుమ్మం బయట పెట్టాను. కన్నతల్లివి. నా కొడుకుని చంపావు, నా కళ్ళకి కనబడకు అన్నాను. వీధిలో అందరూ వింటుంటే అన్నాను.”

“కడుపుకోతలో ఉన్న మనిషి మాటలు ఎవరు పట్టించుకుంటారు.”

“నువ్వు పట్టించుకోలేదా?”

“నాకు చెవుడు.”

“ఇందాక చెవులు బాగున్నాయన్నావు.”

“ఇందాక బాగున్నాయి.”

“నవ్వించకమ్మా. నవ్వడానికి రాలేదు నేను.”

“ఏడవడానికైతే అసలు రావద్దు. పక్కనే కొట్టు. దర్జీ మంచివాడే గానీ, గిరాకీ ముందు ఏడుపులు వినబడితే విసుక్కుంటాడు.”

“ఇక్కడే పడుకుంటున్నావా? ఈ గుడ్డపేలికల మధ్యే?”

“పేలికలంటే మెత్తగా ఉంటాయి. పరుపు దండగ.”

“ఏం తిన్నావు మధ్యాహ్నం?”

“తిన్నాను.”

“ఏం తిన్నావు?”

“అన్నం. కూర. మజ్జిగ.”

“రాగానే నీ అన్నం డబ్బా తీసి చూశాను, పొడిగా ఉంది. ఇవాళ అందులో మెతుకు పడినట్టే లేదు.”

“నేనూ పిట్ట లాంటిదాన్నే అనుకో. రోజూ తినేది చెప్పాను.”

“అమ్మా, నువ్వు పెట్టలేదు కదూ?”

“ఏంటి?”

“ఆ కేకు. చంటోడికి నువ్వు పెట్టలేదు.”

“పెట్టాను. ఎన్నిసార్లు చెప్పాలి? నేనే పెట్టాను. వాడికి బయటి తిండి పడదని డాక్టరు అరిచి చెప్పినా, చిన్న ముక్కకి ఏమవుతుందిలే అని పెట్టాను. నీకు అప్పుడూ ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెప్తున్నాను.”

“డాక్టరు చెప్పినప్పుడు నువ్వు నవ్విన మాట నిజం. వేరుశెనగ పొడి ఏ మూలన తగిలినా వీడికి ఊపిరాడదండీ అంటే, మేం పెంచలేదా పిల్లల్ని అన్నావు. అది నా మనసులో ఉండిపోయింది. అందుకే వెంటనే నమ్మాను.”

“నమ్మదగ్గ మాటే కదా మరి.”

“కాదు. వాడికి మొదటిసారి మొహమంతా పొంగి, పెదవులు నీలమైనప్పుడు ఎత్తుకుని పరిగెత్తింది నువ్వే. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా నవ్వావా? వాడి గిన్నె వేరు, వాడి గ్లాసు వేరు. బిస్కెట్ పొట్లం మీద చిన్నచిన్న అక్షరాలు నీకు కనబడవని ఎదురింటి వాళ్ళచేత చదివించుకునేదానివి. నువ్వా వాడికి కేకు పెట్టేది?”

“మనిషన్నాక ఎప్పుడో ఓసారి బుద్ధి గడ్డి తింటుంది.”

“పోయిన వారం బస్సుస్టాపులో ఒకావిడ కనబడింది. మనం ఉన్న ఇంట్లో పై వాటాలో అద్దెకుండేది, మోకాళ్ళ నొప్పులావిడ.”

“ఆవిడ బతికే ఉందా?”

“ఉంది. వాడు పోయిన నెలలోనే ఇల్లు మారిపోయారట, మనకి చెప్పడానికి వీల్లేకపోయిందట. మీ అమ్మగారు ఎలా ఉన్నారని అడిగింది. నేను మాట్లాడలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. ఆ రోజు హఠాత్తుగా వాన పట్టిందట. నువ్వూ ఆవిడా మేడ మీద బట్టలు తీస్తున్నారట. పెద్ద దుప్పటి గాలికి ఎగిరిపోతుంటే చెరో కొసా పట్టుకుని మడతపెట్టారట. నువ్వు ఆవిడ మోకాళ్ళకి ఏదో తైలం చెప్తున్నావట. అప్పుడు కింద పిట్ట ఏడుపు వినబడితే, దుప్పటి అక్కడే పడేసి నువ్వు దిగిపోయావట.”

“పెట్టాకే పైకి వెళ్ళాను.”

“కేకు పెట్టి, మెట్లెక్కి, బట్టలన్నీ తీసి, దుప్పటి మడతపెట్టి, తైలం సంగతి చెప్పి. అంతసేపు వాడికి ఏమీ కాలేదా? మొదటిసారి తిన్న కాసేపటికే పెదవులు పొంగాయి. డాక్టరు కూడా అదే అన్నాడు, ఎంతోసేపు పట్టదు అన్నాడు. నువ్వు కిందే ఉండుంటే చూసి ఉండేదానివి.”

“డాక్టర్లకి అన్నీ తెలుసా? ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.”

“పాపం, నీమీద నింద వేసి నేను నీకు దిక్కులేకుండా చేస్తే, నువ్వు కాదనకుండా నెత్తినేసుకున్నావు. పిల్ల నోటి మాట మీద. అది కూడా నేను దాని నోట్లో పెట్టిన మాట.”

“నువ్వేం పెట్టలేదు దాని నోట్లో. నువ్వు అడక్కముందే అది అదే చెప్తోంది.”

“ఏంటి?”

“ఏం లేదు.”

“నేను అడక్కముందేనా? నేను ఆఫీసునుంచి ఆసుపత్రికి వచ్చేదాకా అది నీ దగ్గరే ఉంది. వేరే ఎవరడిగారు దాన్ని?”

“నర్సు అడిగిందేమో. నాకు గుర్తులేదు. ఇన్నేళ్ళయింది.”

“పిల్లలకి గుర్తుండదు, నీకూ గుర్తుండదు. సరే. మేడమ్ అడిగినట్టు అడుగుతాను. పెట్టావా అని అడగను. ఎలా పెట్టావు?”

“ఇదేం పరీక్షే నాకు?”

“చెప్పమ్మా. ఎక్కడ కూర్చున్నాడు వాడు?”

“వంటింట్లో. గట్టు పక్కన.”

“గట్టు పక్కన మూడు చక్రాల బండి పెట్టేవాళ్ళం. వాడు అక్కడ కూర్చోడానికి చోటే లేదు. నేను ఆసుపత్రినుంచి ఇంటికొచ్చేసరికి కేకు పొడి ముందుగది చాప మీద ఉంది. నేనే చిమ్మాను.”

“అయితే ముందుగదిలోనే. అవును, చాప మీద.”

“ఎంత ముక్క?”

“ఇంత. గోరంత.”

“ఆ కేకు తెచ్చింది నేను. ముందురోజు ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు అంటే రెండు ముక్కలు పొట్లం కట్టి తెచ్చి, పై అరలో పెట్టాను, పిట్ట బడినుంచి రాగానే ఇవ్వమని. అందులో వేరుశెనగ పొడి ఉందని నాకేం తెలుసు.”

“నీకు తెలీదు. నాకూ తెలీదు. ఎవరికీ తెలీదు. దానికి నువ్వు కుమిలిపోకు.”

“రెండు ముక్కలూ లేవు అమ్మా. పొట్లం ఖాళీ. గోరంత పెడితే మిగతాది ఏమైంది?”

“పిట్ట తింది.”

“పిట్ట తినలేదన్నావు ఆ రాత్రి. పిల్ల బడినుంచి వచ్చాక ఏమీ తినలేదు, దానికేదైనా పెట్టండి అని నర్సుని అడుక్కున్నావు. నేను విన్నాను.”

“నువ్వు పోలీసువి కావలసింది. అనవసరంగా ఆఫీసులో పెట్టారు నిన్ను.”

“పెద్దమ్మా, ఆ నీలం చొక్కాకి గుండీలు అయ్యాయా? మనిషి వచ్చి నా మిషను ముందు నిలబడ్డాడు.”

“రెండే మిగిలాయి నాయనా. కూర్చోమను. మా అమ్మాయి వచ్చింది.”

“మీకు అమ్మాయి ఉందా పెద్దమ్మా? ఎప్పుడూ చెప్పలేదే.”

“ఇప్పుడు చెప్తున్నానుగా. నువ్వు నీ మిషను చూసుకో.”

“అమ్మా, ఇక్కడ నీకెవరూ లేరని చెప్పావా?”

“ఏమీ చెప్పలేదు. అడగనిది చెప్పడం నాకు అలవాటు లేదు. నువ్వు ఒక్కదానివే వచ్చావా?”

“నీ అల్లుడూ పిట్టా ఎదురుగా చెప్పుల కొట్లో ఉన్నారు. పిట్టకి బడి బూట్లు బిగుతయ్యాయి. ఆయనకి లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.”

“పిట్ట వచ్చిందా? ఇక్కడికా?”

“ఇదిగో, ఈ కంతలోంచి చూడు. ఎర్ర గౌను.”

“ఏదీ? ఆ పొడుగుపిల్లా? అదేంటి, అంత సన్నగా ఉంది. తినడం లేదా?”

“ముందేమో తిన్నానంటుంది. తినదు. కంచంలో సగం ఎప్పుడూ ఉంచేస్తుంది. ఎవరికోసమో తీసి పెట్టినట్టు.”

“ఎప్పట్నుంచి?”

“అప్పట్నుంచే. సరేగానీ, మాట మార్చకు. ఎలా పెట్టావు వాడికి? చెంచాతోనా, చేత్తోనా?”

“చేత్తో. ఇలా తుంచి, నోట్లో.”

“చేత్తో.”

“అవును, చేత్తో. చెంచా కోసం వెతుక్కుంటానా?”

“వాడు చేతిలోది తినేవాడు కాదమ్మా. నీకు తెలీదా? వాడి చెంచా ఉండాలి. చేత్తో పెడితే తుప్పున ఉమ్మేసేవాడు. నీ చేతిలోదీ తినేవాడు కాదు, నా చేతిలోదీ తినేవాడు కాదు, వాళ్ళ నాన్న చేతిలోదీ కాదు. ఒక్క...”

“దారం అయిపోయింది. ఇంకోటి ఎక్కించు.”

“ఒక్క...”

“ఎక్కించవే. ఆ మనిషి బయట నిలబడి ఉన్నాడు.”

“ఒక్క పిట్ట చేతిలోదే తినేవాడు.”

“ఇలా ఇవ్వు ఆ సూది.”

“అమ్మా.”

“గట్టిగా మాట్లాడకు.”

“అమ్మా, ఇటు చూడు.”

“చూస్తే ఏముంది నా మొహంలో.”

“పిట్ట పెట్టిందా?”

“మేడమ్ అలా అడగొద్దందిగా. పెట్టిందా అంటే ఊ అంటారందిగా.”

“పిట్ట పెట్టింది.”

“నెమ్మదిగా. గోడ పల్చన.”

“చెప్పు.”

“ఏం చెప్పమంటావు? దాని ముక్క పళ్ళెంలో వేసి ఇచ్చాను. చంటోడు నిద్రపోతున్నాడు కదా అనుకున్నాను. వాన పట్టింది. బట్టలు తడిసిపోతాయని పైకి వెళ్ళాను. అది నా తప్పు కాదా? పళ్ళెం పిల్ల ముందు వదిలి వెళ్ళింది నేను కాదా? నేను పెట్టానన్నది పూర్తిగా అబద్ధమేం కాదు.”

“కిందికి వచ్చేసరికి?”

“వాడు లేచాడు. చాప మీద కూర్చున్నాడు. అప్పటికే గొంతులోంచి ఈల లాగా వస్తోంది. పక్కన అది. పిట్ట. చేతుల నిండా క్రీము. పై అరలో రెండో ముక్క కూడా స్టూలెక్కి దించింది. ఏమందో తెలుసా? ఏడవకుండా మొత్తం తిన్నాడు అమ్మమ్మా, నా ముక్క కూడా వాడికే పెట్టాను, అంది. మెచ్చుకుంటానని చూసింది. తర్వాత వాడి మొహం చూసి ఏడ్చింది.”

“ఊరుకో. ఇంక చెప్పకు.”

“నువ్వే అడిగావు.”

“తన ముక్క కూడా పెట్టిందా.”

“దానికి తమ్ముడంటే అంతే కదా. ఏది తింటున్నా సగం వాడి నోట్లో పెట్టాలి. ఎన్నిసార్లు చెప్పాం, వాడికి పడదే, పెట్టకే అని. ఐదేళ్ళ పిల్లకి పడకపోవడమంటే ఏం తెలుస్తుంది. కిందపడకపోవడం అనుకుందేమో.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్పాలా?”

“తల్లిని కదా నేను.”

“అందుకే చెప్పలేదు. ఆసుపత్రిలో నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను చూసిన చూపు నీకు గుర్తుందా? నీకు గుర్తుండదు. నాకుంది. నా కడుపున పుట్టి, నన్ను అలా చూశావు. ఆ చూపు ఒక్కసారి, ఒక్క క్షణం దానిమీద పడితే? అది ఇంక మనిషయ్యేదా?”

“నేను దాన్ని అలా చూసేదాన్నా?”

“చూడకుండా ఉండగలిగేదానివా? కొడుకు అక్కడ చల్లబడిపోతుంటే? నన్ను ఎంత చూసినా నేను అరిగిపోను. ముసలిదాన్ని, బండబారిపోయాను. ఆ చూపు తట్టుకోడానికి దాని వయసు చాలదు. అందుకని ఆటోలోనే మొదలుపెట్టాను. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని.”

“ఏం మొదలుపెట్టావు?”

“ఎవరు పెట్టారు? అమ్మమ్మ. ఎవరు పెట్టారు? అమ్మమ్మ. ఎవరడిగినా ఏం చెప్తావు? అమ్మమ్మ పెట్టింది. అమ్మ అడిగితే? అమ్మమ్మ పెట్టింది. నాన్న అడిగితే? అమ్మమ్మ పెట్టింది. ఆసుపత్రి బల్ల మీద కూడా, లోపల డాక్టర్లు వాడితో కుస్తీ పడుతుంటే, బయట నేను దీనికి పాఠం చెప్పినట్టు చెప్పాను. చివరికి నిద్రలో తూగుతూ కూడా అదే అంది. అప్పుడు నాకు కాస్త ఊపిరాడింది.”

“అంటే నేను అడగడం వల్ల కాదు.”

“నీవల్ల కాదు. నువ్వు అడిగేసరికి అది అప్పటికే వల్లె వేసేసింది. ఆ బెంగ పెట్టుకోకు.”

“నీ మనవడు చచ్చిపోతున్నాడు. నువ్వు ఇది చేస్తున్నావు.”

“ఒకడు చేతిలోంచి జారిపోతున్నాడని తెలుస్తూనే ఉంది. రెండోదాన్నైనా పట్టుకుందామనుకున్నాను.”

“మూడేళ్ళు అమ్మా. ఈ గదిలో. నేను వీధిలో నిన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయాను తెలుసా? ఓసారి కూరగాయల దగ్గర.”

“చూశాను. టమాటాలు వదిలేసి పోయావు. నేనే కొనుక్కున్నాను అవి. బాగున్నాయి.”

“లే. సర్దుకో. ఇంటికి వెళ్దాం.”

“ఎక్కడికి?”

“ఇంటికి. ఇప్పుడే. నీ సంచి నేను మోస్తాను.”

“కూర్చో. ఆవేశపడకు. ఇంటికొచ్చి ఏం చెప్పాలి? చంటోడిని చంపిన అమ్మమ్మ తిరిగొచ్చిందేమిటని వీధిలో అడుగుతారు. ఆవిడ తప్పేం లేదట అంటావు. మరి ఎవరిదట అంటారు. పెద్దవాళ్ళ నోరు నువ్వు మూయిస్తావేమో. పిట్ట అడిగితే? అమ్మమ్మ పెట్టలేదా, మరి ఎవరు పెట్టారు అని అది తనలో తను తవ్వుకుంటూ కూర్చుంటే? వెనక్కి వెనక్కి వెళ్ళి ఆ చాప దగ్గరికే చేరుతుంది. వద్దు.”

“అయితే ఏంటి, నువ్వు ఇక్కడే చచ్చిపోతావా?”

“నేను చెడ్డదాన్నై ఇక్కడ ఉన్నంతకాలం అది అక్కడ హాయిగా ఉంటుంది. చాలా చవక బేరం.”

“దానికి నిజంగా గుర్తులేదంటావా?”

“నువ్వే చెప్పావుగా. నిన్న తాగిన నీళ్ళు పాలనుకుంటుంది, పక్కపిల్ల తిన్న పండు తను తిన్నాననుకుంటుంది. ఐదేళ్ళప్పటి ముక్క దానికేం గుర్తుంటుంది? నేను చెప్పిందే గుర్తుంది. ఇంట్లో ఎప్పుడైనా వేరేగా చెప్పిందా?”

“లేదు. ఎప్పుడడిగినా అదే మాట. అమ్మమ్మ పెట్టింది. అక్షరం కూడా మారదు. మిగతావన్నీ రోజుకోలా చెప్తుంది, ఇదొక్కటీ మారదు.”

“మరి ఇంకేం. మొహం తుడుచుకో. దాన్ని నువ్వు ఏమీ అడగొద్దు, దానికి ఏమీ చెప్పొద్దు. నాకు మాటివ్వు.”

“ఎలా ఇవ్వను?”

“నన్ను గుమ్మం బయట పెట్టినప్పుడు ఎలా పెట్టావో అలాగే. గుండె రాయి చేసుకుని. ఈసారి దానికోసం.”

“అమ్మా, నన్ను క్షమిస్తావా?”

“క్షమించడానికి ఏముంది. నేను కుట్టిన కాజాలో గుండీ పట్టినట్టు, అన్నీ ఎక్కడివక్కడ సరిపోయాయి. కళ్ళు తుడుచుకో, ఎవరో వస్తున్నారు.”

“పెద్దమ్మా, మీకోసం ఓ చిన్నమ్మాయి వచ్చింది. కొత్త బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రావడం లేదు, మిమ్మల్ని అడిగి రమ్మంటోంది.”

“వద్దు, దాన్ని ఇటు...”

“పిట్టా, నాన్న దగ్గర ఉండమన్నానా లేదా? ఎందుకొచ్చావు?”

“అమ్మమ్మని చూడ్డానికి.”

“రా తల్లీ. లోపలికి రా. దగ్గరికి రా, నీ మొహం కనబడనీ. ఎంత పొడుగయ్యావే. ఏడుస్తున్నావెందుకు?”

“ఎవరడిగినా నువ్వు చెప్పమన్నదే చెప్పాను అమ్మమ్మా, నేను పెట్టానని ఒక్కసారి కూడా అనలేదు. ఇంక ఇంటికి వచ్చెయ్యవా?”